నిండు నిమిషం

సెకండ్ల ముల్లున్న గడియారం ఒకటి కొనుక్కో. పిల్లల వైద్యం నేర్చుకుంటానని నా దగ్గరికి ఎవరొచ్చినా ముందు చెప్పే మాట ఇదే. స్టెతస్కోపు సంగతి తర్వాత చూద్దాం.

పీజీలో చేరిన మొదటి నెల. నైట్ డ్యూటీ. నాలుగు నెలల బిడ్డ, రెండు రోజులుగా దగ్గు, కాస్త జ్వరం. వార్డు నిండా పిల్లలు, మంచానికి ఇద్దరు. గబగబా పదిహేను సెకండ్లు చూశాను. పన్నెండు శ్వాసలు. నాలుగుతో హెచ్చవేసి కేస్ షీట్‌లో 48 అని రాశాను. ఆ వయసు బిడ్డకి 50కి చేరితేనే న్యుమోనియా అనుకోవాలి. దగ్గు మందు రాసి పక్క మంచానికి వెళ్లిపోయాను.

పొద్దున్నే రౌండ్స్‌కి వచ్చిన ప్రొఫెసర్ గారు స్టూలు లాక్కుని ఆ బిడ్డ పక్కన కూర్చున్నారు. చేతి గడియారం తీసి అరచేతిలో పెట్టుకుని, పొట్ట మీద చూపు నిలిపి, ఎవరితోనూ మాట్లాడకుండా లెక్కపెట్టారు. వెనక పదిమందిమి నిలబడి ఉన్నాం. నిమిషం ఎంత పొడుగుంటుందో నాకు ఆ రోజే తెలిసింది.

"యాభై ఎనిమిది. నువ్వు ఎంతసేపు లెక్కపెట్టావమ్మా?"

"పదిహేను సెకండ్లు సార్. నాలుగుతో హెచ్చవేశాను."

"మిగతా నలభై అయిదు సెకండ్లు బిడ్డ ఊపిరి పీల్చలేదా?"

కోపంగా కూడా అనలేదు. అందుకే ఇన్నేళ్లయినా మరిచిపోలేదు. లెక్క చూడు: పదిహేను సెకండ్లలో ఒక్క శ్వాస తప్పితే నిమిషానికి నాలుగు తప్పినట్టు. పన్నెండుకి 48, పదమూడుకి 52. ఆ ఒక్క శ్వాస దగ్గరే బిడ్డని ఇంటికి పంపడమా, యాంటీబయాటిక్ మొదలుపెట్టడమా అన్నది తేలిపోతుంది. ఆ బిడ్డకి మందు ఒక రాత్రి ఆలస్యమైంది. బాగయ్యి ఇంటికెళ్లింది. ఆ రాత్రి మాత్రం నా ఖాతాలోనే ఉంది.

ఎట్లా లెక్కపెట్టాలో చెబుతాను. బిడ్డ తల్లి ఒడిలో ఉండాలి, ఏడవకూడదు, పాలు తాగుతూ ఉండకూడదు. చొక్కా ఒక్కసారిగా లాగెయ్యకు. తల్లి చేతే మెల్లగా పైకి ఎత్తించు. చల్లటి స్టెతస్కోపు ముందే పెడితే బిడ్డ గుక్కపడుతుంది, ఇక నీ లెక్క పోయినట్టే. చిన్నపిల్లల శ్వాస రొమ్ము కంటే పొట్ట దగ్గరే బాగా కనిపిస్తుంది. పొట్ట లేచిన ప్రతిసారీ ఒకటి. గడియారాన్నీ పొట్టనీ ఒకే చూపులోకి తెచ్చుకో. పురిటి బిడ్డలైతే నాలుగు శ్వాసలు గబగబా తీసి కాసేపు ఆగుతారు. ఆ ఆగడం చూసి హడలిపోవద్దు, ఆ వయసుకి అది మామూలే. వాళ్ల దగ్గర సగం నిమిషం లెక్క అసలే పనికిరాదు. రెండు నెలల లోపు బిడ్డకి 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40. ఆ గీత చేరితే వేగంగా పీలుస్తున్నట్టే. పురిటి బిడ్డకి 60 వస్తే రెండోసారి కూడా లెక్కపెట్టి చూడు.

ఈ అంకెలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. పాపువా న్యూగినీ కొండల్లో ఫ్రాంక్ షాన్ అనే డాక్టరు, ఎక్స్‌రే లేని చోట న్యుమోనియాని ఎట్లా గుర్తుపట్టాలా అని పిల్లల శ్వాసలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ తర్వాత మన పక్కనే ఉన్న వెల్లూరు సీఎంసీలో థామస్ చెరియన్, జాకబ్ జాన్ బృందం ఆ పనిని ఇంకా పదును పెట్టి, ఏడాది లోపు వాళ్లకి ఒక గీత, ఆపై వాళ్లకి ఇంకో గీత ఉండాలని 1988లో లాన్సెట్ పత్రికలో రాసింది. మన చిత్తూరు జిల్లా తల్లులు బిడ్డల్ని చంకనేసుకుని బస్సెక్కి వెళ్లే ఆస్పత్రి అది. ఆ వార్డుల్లో ఎవరో ఓపిగ్గా కూర్చుని లెక్కపెట్టారు కాబట్టి ఇవాళ బొల్లాపల్లి మండలంలో ఆశా కార్యకర్త చేతిలో ఆ అంకె ఉంది.

ఇంకో గుర్తు శ్వాస తీసినప్పుడు పక్కటెముకల కింద లోపలికి గుంజుకోవడం. మా టెక్స్ట్‌బుక్‌లో దానికి పెద్ద ఇంగ్లీషు పేరుంది. మా పల్నాడు తల్లి ఓపీలోకి రాగానే "డొక్కలెగరేస్తన్నాడు డాక్టరమ్మా" అంటుంది. నువ్వు పుస్తకంలో వెతుక్కునే లోపు ఆమె రోగం పేరు చెప్పేసింది. ఆ మాట విన్నాక చిట్టీ నంబరు అడగొద్దు, ముందు బిడ్డని చూడు.

నాది గురజాల దగ్గర పల్లె. మిరప చేలు, పత్తి చేలు, నాపరాతి అరుగులు. ఇంట్లో డాక్టరు చదివిన మొదటిదాన్ని నేనే. పిల్లల ఆస్పత్రిలో మూడేళ్ల చదువంటే మందులు నేర్చుకోవడం అనుకుని వెళ్లాను. ఆ మూడేళ్లలో సగం పైగా తూచడం, కొలవడం, రాయడం నేర్పారు.

థీసిస్ లేనిదే ఎండీ రాదు. నాది తక్కువ బరువుతో పుట్టిన పిల్లల ఒళ్లు చల్లబడడం గురించి. పుట్టిన వెంటనే బరువు, గంట గంటకీ టెంపరేచరు. మొదటి నలభై మంది వివరాలు పట్టిక కట్టి గర్వంగా సార్ ముందు పెట్టాను. ఆయన ఎర్ర పెన్సిల్ తీసుకుని బరువుల గడి మీద నుంచి కిందికి పోతూ ఒక్కో అంకె చుట్టూ సున్నా చుట్టారు. 1800. 2100. 1950. 2000. 1750. సగానికి పైగా సున్నాలు చుట్టాక తల ఎత్తారు.

"మన ఆస్పత్రిలో పిల్లలు యాభయ్యేసి గ్రాముల లెక్కన పుడుతున్నారేంటమ్మా?"

నేను మోసం చెయ్యలేదు. బిడ్డ కదులుతుంటే త్రాసు అంకె ఊగుతుంది. ఊగే అంకెని కన్ను తనకి తెలిసిన గుండ్రటి అంకె దగ్గర ఆపేస్తుంది. 1837ని 1850 అని చదువుతుంది. లోకంలో అందరి కళ్లూ అంతే. అందుకే పరిశోధన చేసేవాడు ముందు తన కన్నుని అనుమానించాలి. ఆ నలభై మంది పేజీలూ కొట్టేయించారు. ఆ తల్లులు అప్పటికే బిడ్డల్ని తీసుకుని ఊళ్లకి వెళ్లిపోయారు. రెండు నెలల పని పోయింది. హాస్టల్ గదిలో ఏడ్చాను.

మళ్లీ తూచడం నాకు నేర్పింది మా నర్సరీ హెడ్ సిస్టర్. ఆమెని మేమంతా అక్కా అనేవాళ్లం. ప్రతి బిడ్డకీ ముందు త్రాసు సున్నా చూడాలి. పొత్తిగుడ్డని ముందే తూచి పెట్టుకోవాలి, వెచ్చగా కూడా ఉంచుకోవాలి. పాలు పట్టకముందు తూచాలి. అంకె ఊగుతుంటే అరచెయ్యి బిడ్డకి తగలకుండా పైన గొడుగులా పట్టి, కదలిక సద్దుమణిగిన ఆ క్షణంలో చదవాలి. రెండుసార్లు తూచి రెండూ రాయాలి. తేడా ఎక్కువుంటే మూడోసారి. "నీకు తెలియని గడి ఖాళీగా వదిలెయ్ తల్లీ. ఖాళీ గడిని సార్ క్షమిస్తారు" అనేది. ఊహించి నింపిన గడి అబద్ధంతో సమానమని ఆమె బాధ. పదో తరగతి తర్వాత నర్సింగ్ చదివిన మనిషి. గణాంకశాస్త్రం గురించి నాకు తెలిసినదాంట్లో గట్టి ముక్క ఆమె చెప్పిందే.

కన్సెంట్ సంగతి ఇంకా కష్టం. థీసిస్‌లోకి బిడ్డని తీసుకోవాలంటే తల్లిదండ్రుల అంగీకార పత్రం కావాలి. నా పత్రం గ్రాంథికంలో ఉంది. కారెంపూడి వైపు నుంచి వచ్చిన ఒక తాతకి దాన్ని గడగడా చదివి వినిపించి ఇంకుప్యాడ్ ముందుకు జరిపాను. ఆయన బొటనవేలు చాపలేదు.

"మా మనవరాలి మీద పరీక్షలు చేస్తారా అమ్మా?"

"పరీక్షలు కాదు తాతా, రాసుకుంటాం అంతే."

"ఒప్పుకోకపోతే మందులు ఆపుతారా?"

ఆ ప్రశ్న రాకముందే జవాబు చెప్పి ఉండాల్సింది. నేను తడబడ్డాను. అక్క వచ్చి ఆయన పక్కన నేల మీదే కూర్చుంది. "తాతా, పాపకి ఏ వైద్యం చెయ్యాలో అది ఎట్లాగూ చేస్తాం. ఈ డాక్టరమ్మ గంట గంటకీ ఒళ్లు ఎంత వెచ్చగుందో చూసి పుస్తకంలో రాసుకుంటది. రేపు పుట్టే పిల్లలకి అక్కరకొస్తదని. నువ్వు వద్దంటే రాసుకోదు. మందు మాత్రం ఆగదు." తాత కాసేపు ఆలోచించి వద్దన్నాడు. అక్క "సరే" అని లేచింది. ఆ పాప ఇంటికి వెళ్లేదాకా సార్ రోజూ తానే వచ్చి ఆ మంచం దగ్గర ఆగేవారు. వద్దన్న బిడ్డకి చూపు తగ్గలేదని తన కళ్లతో చూసుకోవాలి ఆయనకి.

ఇది చాదస్తం అనుకునే కుర్రాళ్లకి నేను ఖమ్మం జిల్లా సంగతి చెబుతాను. 2009లో అక్కడ ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు నడిచింది. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో చాలామంది గిరిజన పిల్లల తరఫున అమ్మానాన్నలకి బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2010లో ప్రాజెక్టు ఆగింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో గట్టిగా తప్పుపట్టింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుని ఆపే మంచి టీకా అది, నేను ఇవాళ తల్లులకి వేయించమనే చెబుతాను. అయినా ఆ సంతకాల వల్ల టీకా మీదే అనుమానం ముసురుకుంది. ఐసీఎంఆర్ 2017 నిబంధనల ప్రకారం ఏడేళ్లు దాటిన పిల్లల్ని కూడా అడగాలి, వాళ్లు సరే అనాలి. ఏడేళ్ల పిల్లాడికి అర్థమయ్యేలా చెప్పలేకపోతే నీ అధ్యయనం నీకే అర్థం కాలేదని లెక్క.

శనివారాలు జర్నల్ క్లబ్ ఉండేది. సార్ ఒకసారి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి గంటన్నర చెప్పారు. ఆయన బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన అమినోప్టెరిన్‌ని బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు పిల్లలకి వాడి చూశాడు. పదహారు మందికి ఇస్తే పది మందికి కొంతకాలం తెరిపి వచ్చింది. 1948లో ఆ కాగితం అచ్చయింది, ఆ ఏడాదే ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. "పదహారు మందే. అయినా ఆరుగురికి పని చెయ్యలేదని కూడా రాశాడు చూడండి" అన్నారు సార్. నేను నోట్స్‌లో ఆ ముక్క కింద గీత గీసుకున్నాను.

ఇక చేతిపని. పుట్టగానే ఏడవని బిడ్డకి ఊపిరి అందించడం. ఇది బల్ల ముందు కూర్చుంటే రాదు, బొమ్మ మీద వందసార్లు చేస్తేనే వస్తుంది. అక్క బొమ్మని బల్ల మీద పడేసి, అంబు బ్యాగు నా చేతికిచ్చి గడియారం పట్టుకునేది. పుట్టిన మొదటి నిమిషాన్ని మేం బంగారు నిమిషం అంటాం. ఆ అరవై సెకండ్లలో తుడవడం, వెచ్చగా చుట్టడం, మెడ సరిచెయ్యడం, వీపు రుద్దడం అన్నీ అయిపోవాలి. అప్పటికీ ఊపిరి తియ్యకపోతే ఆ నిమిషం లోపే మాస్కు పడాలి.

మాస్కు పట్టే తీరు: బొటనవేలు, చూపుడువేలు మాస్కు మీద ఇంగ్లీషు సి అక్షరంలా, మిగతా మూడు వేళ్లు దవడ ఎముక కింద ఈ అక్షరంలా. దవడని మాస్కులోకి ఎత్తాలి, మాస్కుని ముఖం మీద అదమకూడదు. మెడ మరీ వెనక్కి వాలిస్తే గొంతు మూసుకుంటుంది. మల్లెపువ్వు వాసన చూసేటప్పుడు ముఖం ఎట్లా పెడతావో అంతే. "ఒత్తు, వదులు, వదులు" అని పైకి అంటూ నొక్కు. ఆ లయలో నిమిషానికి నలభై నుంచి అరవై మధ్య వస్తాయి. చూపు బ్యాగు మీద కాదు, రొమ్ము మీద. రొమ్ము లేవకపోతే నువ్వు గాలి గదికి ఇస్తున్నావు, బిడ్డకి కాదు. మాస్కు మళ్లీ సర్దు, మెడ మళ్లీ సర్దు, నోట్లో ఏమన్నా అడ్డముంటే తీసి చూడు. మొదటి పదిరోజులూ నా మాస్కు పక్కనుంచి గాలి బుస్సుమనేది. అక్క ఏమీ అనకుండా నా ఉంగరం వేలిని దవడ కిందికి జరిపేది. ఆ వేలు సరైన చోట పడిన రోజు బొమ్మ రొమ్ము చక్కగా లేచింది. ఇప్పటికీ నేను నేర్పేటప్పుడు మాటల కంటే ముందు ఎదుటివాళ్ల ఉంగరం వేలు జరుపుతాను.

చదువు ముగించుకుని ఊరి వైపు వచ్చిన ఏడాది. అప్పటికి మాది ఇంకా గుంటూరు జిల్లాయే. పల్నాడు జిల్లా అయ్యి నరసరావుపేట దానికి కేంద్రమయింది 2022 ఏప్రిల్ 4న. ఒక రాత్రి కాన్పు గదిలోకి కేకేశారు. బిడ్డ నీలంగా, మెత్తటి గుడ్డలా ఉంది. పక్కన ఇంటి పెద్దావిడ కాళ్లు పట్టి తలకిందులుగా ఎత్తి వీపు మీద చరచమంటోంది. చెయ్యలేదు. తుడిచాను, చుట్టాను, వీపు రుద్దాను. ఏమీ లేదు. మాస్కు పెట్టాను. ఒత్తు, వదులు, వదులు. రొమ్ము లేచింది. లోపల అక్క గొంతే వినిపిస్తోంది. ఎన్నిసార్లు నొక్కానో తెలియదు. బిడ్డ చిన్నగా ఎక్కిళ్లు పెట్టినట్టు కదిలి, పిల్లి కూనలా ఒక్క అరుపు అరిచింది. ఆ పెద్దావిడ నా చేతులు కళ్లకద్దుకుంది. తెల్లారాక అక్కకి ఫోను చేశాను. "గుండె ఎంత కొట్టుకుందో రాశావా?" అని అడిగింది. రాయలేదు. "ఈసారి రాయి" అంది. ఆ తర్వాతే శభాష్ అంది.

అప్పట్లో ఆ బిడ్డకి నేను నూటికి నూరుపాళ్లు ఆక్సిజన్ పెట్టాను. నాకు అట్లాగే నేర్పారు, నేను నమ్మాను. నేను చదువులో చేరకముందే ఢిల్లీ మౌలానా ఆజాద్ వైద్య కళాశాలలో సిద్ధార్థ్ రామ్‌జీ, నార్వేలో ఓలా సౌగ్‌స్టాడ్ మామూలు గాలి చాలేమో అని పరీక్షించి చూశారు. నెలలు నిండిన బిడ్డకి గదిలో గాలితోనే మొదలుపెట్టాలని 2010లో మార్గదర్శకాలు మారాయి. కడుపులో విరేచనం కలిసిన ఉమ్మనీరు మింగి పుట్టిన బిడ్డల గొంతులో గొట్టం వేసి లాగడం నేను ఎంతో కష్టపడి నేర్చుకున్న విద్య. అందరికీ ఆ పని చెయ్యక్కర్లేదని 2015లో తేల్చారు. చేతికి అలవాటైన పని మానుకోవడం నేర్చుకోవడం కంటే కష్టం. కొన్నాళ్లు చెయ్యి దానంతటదే గొట్టం వైపు పోయేది. కానీ బిడ్డ కోసం నేర్చుకున్నదాన్ని బిడ్డ కోసమే మానుకోవాలి.

పల్నాడుకి వచ్చాక పుస్తకంలో నాలుగు లైన్లే ఉన్న విషయం నాకు పెద్ద పాఠమైంది. తేలు. మాచర్ల, పిడుగురాళ్ల వైపు ఎక్కడ చూసినా నాపరాళ్లే. గోడకి, కప్పుకి, అరుగుకి, దొడ్డి చుట్టూ. రాయి ఎత్తితే కింద ఎర్ర తేలు. వేసవి వచ్చిందంటే ఆరుబయట పడుకున్న పిల్లల్ని రాత్రిపూట తెచ్చేవాళ్లు.

ఆరేళ్ల పిల్లాడు. కుట్టి గంట దాటింది. పెద్దగా ఏడవడం లేదు, కుట్టిన చోట నొప్పి ఏమంత లేదన్నాడు. నొప్పి లేదు కదా, తేలిక కేసు అనుకుని నేను అరిచే ఇంకో పిల్లాడి దగ్గరికి పోయాను. పావుగంటకి ఆయమ్మ వచ్చి నా కొంగు పట్టుకుంది. "అమ్మా, ఆ పిల్లోడి కాళ్లు మంచుగడ్డల్లా ఉన్నయి. చొక్కా పిండితే నీళ్లు కారతన్నయి." పరుగెత్తాను. చెమటలు, చొంగ, గుండె దడదడ, ఊపిరిలో గరగర మొదలవుతోంది.

గుర్తుపెట్టుకో: తేలు కుట్టి కుయ్యోమొర్రోమని ఏడ్చే పిల్లాడు చాలాసార్లు క్షేమం. నొప్పి పెద్దగా లేకుండా చెమట పట్టి కాళ్లూ చేతులూ చల్లబడిన పిల్లాడికి విషం ఒంట్లోకి ఎక్కింది. అది గుండెని, ఊపిరితిత్తుల్ని పట్టుకుంటుంది. మగపిల్లల్లో అంగం బిగుసుకుపోతుంది. సిగ్గుపడి దాన్ని చూడకుండా వదలొద్దు. ఈ గుర్తులన్నీ వరసగా రాసిపెట్టింది మహారాష్ట్రలో మహాడ్ దగ్గర పల్లె ఆస్పత్రిలో పనిచేసిన హిమ్మత్‌రావ్ బావస్కర్ గారు. పెద్ద ప్రయోగశాల లేదు. రాత్రంతా పిల్లల మంచాల పక్కన కూర్చుని బీపీ, నాడి, కాళ్ల వెచ్చదనం చూసి రాసుకున్నారు. 1982లో లాన్సెట్‌లో ఆ గుర్తులు, 1986లో ప్రాజోసిన్ అనే బీపీ మాత్రతో వచ్చిన ఫలితం అచ్చయ్యాయి. కిలోకి 30 మైక్రోగ్రాములు, కాళ్లు వెచ్చబడేదాకా మూడు గంటలకోసారి. మాత్ర వేశాక పిల్లాడిని లేపి కూర్చోబెట్టకు, బీపీ పడిపోతుంది. 2011లో విషానికి విరుగుడు మందు కూడా కలిపి ఇస్తే ఇంకా తొందరగా తేరుకుంటున్నారని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో చూపించారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు.

మా ఆరేళ్లవాడికి మాత్ర పడింది. తెల్లవారుజామున నాలుగింటికి ఆయమ్మే వాడి పాదం పట్టుకుని "వెచ్చబడ్డయి" అంది. అప్పటి నుంచి నా తేలు రిజిస్టరులో ఒక గడి పెరిగింది: పాదాలు. చల్లగా, గోరువెచ్చగా, వెచ్చగా. ఎన్ని గంటలకి చూశారో కూడా. ఆ గడి నింపేది ఎక్కువగా ఆయమ్మలే, నర్సు రాసుకుంటుంది. ఏ పత్రికకీ పంపలేదు దాన్ని. కొత్తగా వచ్చిన డాక్టరుకి మాత్రం మొదటిరోజే ఆ పుస్తకం ఇచ్చి చదవమంటాను.

తక్కువ బరువు పిల్లల్ని తల్లి రొమ్ముకి కట్టే కంగారూ పద్ధతి గురించి ఇక్కడ పెద్దగా వాదించాల్సిన పని పడలేదు. 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలయింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌తో కలిపి అయిదు దేశాల ఆస్పత్రుల్లో పుట్టిన వెంటనే కట్టి చూస్తే, నెలలోపు మరణాలు నూటికి పాతిక వంతు తగ్గాయని 2021లో తేలింది. ఆ మాట దుర్గి వైపు తండా నుంచి వచ్చిన అవ్వకి చెబితే, అందులో ఏముంది అన్నట్టు చూసి తన పైటతో మనవడిని కోడలి రొమ్ముకి మా కంటే బిగువుగా, ముక్కు మూసుకోకుండా కట్టింది. ఆ ముడి ఫొటో తీసుకుని నర్సులకి చూపిస్తుంటాను.

ఇప్పుడు నరసరావుపేటలో నెలకి ఒక రోజు శిక్షణ పెడతాను. నర్సులు, ఏఎన్ఎంలు, ఆశాలు వస్తారు. మిరప కోతల కాలంలో సగం మందే వస్తారు, మిగతావాళ్లు కూలికి పోతారు. వాళ్లకి మళ్లీ ఇంకో రోజు పెడతాను. బొమ్మ, అంబు బ్యాగు, గడియారం, త్రాసు, ఒక ఇటుకరాయి. ఇటుకని అందరూ తూచాలి, ఒకరి అంకె ఇంకొకరికి చెప్పకూడదు. బోర్డు మీద అన్ని అంకెలూ రాశాక గదిలో నిశ్శబ్దం. నా నలభై మంది బిడ్డల కథ అప్పుడు చెబుతాను.

శ్వాస లెక్కలో కొందరు ముప్పై దాటాక తప్పిపోతారు. దానికి మందు గడ్చిరోలిలో దొరికింది. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు అక్కడి మంత్రసానుల కోసం ఒక పరికరం చేశారు: నిమిషం ఇసుక గడియారం, పక్కన పూసల వరస, పది శ్వాసలకి ఒక పూస జరపడం. వాళ్ల పల్లెల్లో ఇంటి దగ్గరే పురిటి బిడ్డల్ని చూసుకునేలా ఆడవాళ్లకి నేర్పితే మూడో ఏడాదికి పురిటి బిడ్డల మరణాలు నూటికి 62 వంతులు తగ్గాయని 1999లో లాన్సెట్‌లో రాశారు. మా దగ్గర పూసలకి బదులు చింతపిక్కలు. పది శ్వాసలకి ఒక పిక్క ఎడమ చేతిలోంచి ఒడిలోకి. ఆరో పిక్క పడిందంటే అరవై.

పోయిన చలికాలం రాత్రి పదకొండింటికి ఫోను. వెల్దుర్తి వైపు ఊరు, ఆశా కార్యకర్త. పద్నాలుగో రోజు ఇంటికి పోయి చూడాల్సిన బిడ్డ. పగలు బాగానే ఉందట, రాత్రి పాలు సరిగా పట్టడం లేదని తల్లి కబురు పంపితే వెళ్లింది.

"మేడం, ఆరు పిక్కలు పడి ఇంకా నాలుగు. అరవై నాలుగు."

"మళ్లీ ఒకసారి..."

"రెండోసారి కూడా లెక్కపెట్టినాకే చేస్తన్నా మేడం. రెండోసారి అరవై ఏడు. నిండు నిమిషం. డొక్కలు కూడా ఎగరేస్తంది. 108కి చెప్పినా, వస్తంది. బిడ్డని తల్లి రొమ్ముకి కట్టినా."

చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. లేచి చీర మార్చుకుని, వార్మర్ ఆన్ చెయ్యమని డ్యూటీ సిస్టర్‌కి ఫోను చేశాను.